చలికాలపు వానలు: వాతావరణ సూచనను మన ఊరికి అన్వయించుకోవడం ఎలా?

స్వాతి కార్తె ప్రవేశించింది మొదలు జ్యేష్ఠ కార్తె వెళ్లేవరకు, అనగా అక్టోబరు చివరి వారం నుండి డిసెంబరు మధ్య వరకు, మన కోస్తా జిల్లాలకూ దక్షిణ రాయలసీమకూ ఈశాన్య రుతుపవనాల కాలం. నెల్లూరు వంటి జిల్లాలో సంవత్సరం మొత్తం మీద పడే వానలో సగానికి పైగా ఈ కాలంలోనే పడుతుంది. పాడి రైతుకు ఇదే మంచి కాలం కూడా. గేదెలు ఎక్కువగా ఈనేదీ, పచ్చిమేత దొరికేదీ, సంఘాలకు పాలు పోటెత్తేదీ ఈ రోజులలోనే. కాబట్టి ఇప్పుడు రెండు పూటలు వ్యాను రాకపోతే జరిగే నష్టం వేసవిలో జరిగే నష్టంతో పోల్చదగినది కాదు.

ఈ కాలంలో సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడల్లా నాకు వినిపించే మాట ఒకటున్నది: "చెప్పారండీ, కానీ మా ఊరికి కాదనుకున్నాం." దానికి ఎదురు మాట కూడా అంత తరచుగానే వినిపిస్తుంది: "నిరుడు మూడుసార్లు చెప్పారు, ఒక్కసారీ పడలేదు." ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే. వాతావరణ శాఖ చెప్పేది జిల్లాకు. మనకు కావలసింది ఊరికి. జిల్లా మాటను ఊరి మాటగా మార్చుకొనే పని విశాఖపట్నంలోనో అమరావతిలోనో కూర్చున్నవారు చేయలేరు. ఆ పని పాల సంఘం చేయగలదనీ, పల్లెలో మరే సంస్థకన్నా బాగా చేయగలదనీ నా అభిప్రాయం. ఎట్లాగో వివరిస్తాను.

పేరు గాలిది, ముంపు వానది

సముద్రంలో పుట్టే అల్పపీడనాలకు పేర్లు మార్చేది వాటి చుట్టూ తిరిగే గాలి వేగాన్ని బట్టి. గాలి గంటకు 31 కి.మీ. లోపు ఉంటే అల్పపీడనం అంటారు. 31 నుండి 49 వరకు వాయుగుండం, 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62కు చేరితే తుపాను. అప్పుడే దానికి మిచౌంగ్ అనో హుద్‌హుద్ అనో పేరు పెడతారు. 89కి చేరితే తీవ్ర తుపాను, 118కి చేరితే అతి తీవ్ర తుపాను. ఈ వరుస మొత్తంలో ఎక్కడైనా వాన ప్రసక్తి ఉన్నదేమో చూడండి. లేదు. గాలి చిన్నదైతే వాన కూడా చిన్నదే అని అనుకోవడం మన పల్లెల్లో పాతుకుపోయిన పొరపాటు. "ఉత్త వాయుగుండమేగా, తుపాను కాదుగదా" అని గొడ్లను పల్లపు కొట్టంలోనే వదిలి నిద్రపోయేవారు ఇప్పటికీ ఉన్నారు.

2021 నవంబరు నెల ఈ విషయంలో మనకందరికీ పాఠం. ఆ నెల 11వ తేదీన ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. చెరువులు నిండాయి, నేల తడిసి ముద్దయింది. వారం తిరిగేసరికి మరొకటి వచ్చి, 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. అది కూడా వాయుగుండమే. తుపాను కాలేదు, పేరు కూడా పెట్టలేదు. కాని తూర్పు నుండి వచ్చిన తడిగాలి శేషాచలం, పాలకొండల మీదికి ఎక్కి అక్కడ కుమ్మరించింది. అప్పటి కడప జిల్లాలో పింఛా ప్రాజెక్టు కట్ట ఆ రాత్రి కొట్టుకుపోయింది. ఆ నీరు కూడా కలిసి వచ్చిపడగా, తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. రాజంపేట ప్రాంతంలో పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి ఊళ్లలోకి ఏరు వచ్చిన వేళ సరిగ్గా మనం పాలు పితికే వేళ. మనుషులు పోయారు, కొట్టాల్లో కట్టేసిన పశువులు కట్టేసినట్టే పోయాయి. తరువాత పెన్నకు వచ్చిన వరదకు నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలుకట్ట కోసుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి.

1977 దివిసీమ ఉప్పెన కూడా నవంబరు 19నే. అది గాలి, సముద్రం చేసిన నాశనం. ఇది వాన, చెరువు, ఏరు చేసినది. తేదీ కలవడం యాదృచ్ఛికమే గాని, విశాఖ కార్తె వెళ్లి అనూరాధ వచ్చే రోజులు మనకు గండపు రోజులన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు.

వాన ఎంత పడుతుందో తేల్చేది గాలి వేగం కాదు, ప్రధానంగా మూడు సంగతులు. మొదటిది వ్యవస్థ కదిలే వేగం. గంటకు పాతిక కిలోమీటర్లు నడిచేది మన మీద కొన్ని గంటలు కురిసి పోతుంది; నిదానంగా నడిచేది, లేదా ఒకచోట నిలిచిపోయేది రోజంతా కురుస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తీరం దాటింది 5వ తేదీన, బాపట్ల దగ్గర. కాని అంతకు ముందు రోజే, తీరానికి దూరంగా సముద్రం మీద మెల్లగా నడుస్తూనే చెన్నైని ముంచింది. అందుచేత "ఎక్కడ తీరం దాటుతుంది" అన్న ఒక్క ప్రశ్నే అడిగి ఊరుకోరాదు. "ఎంత వేగంతో కదులుతున్నది" అని కూడా వినాలి. బులెటిన్‌లో ఆ మాట తప్పక ఉంటుంది, మనం వినిపించుకోము. రెండవది కొండలు. మీ ఊరి ఏరు వెలిగొండల్లోనో శేషాచలంలోనో పుట్టి ఉంటే మీ ఊళ్లో చినుకు లేకపోయినా మీకు వరద రావచ్చు. మూడవది అంతకుముందు పడిన వాన. అక్టోబరులో బీటలు వారిన నేల మీద పడిన వాన భూమిలోకి ఇంకిపోతుంది. అదే వాన నవంబరులో మూడో ముసురుకు పడితే, పడినదంతా పల్లానికి పరుగెడుతుంది.

గోదావరి వరదకు అలవాటుపడ్డవారు ఇక్కడ ఒక తేడా గమనించాలి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులని మూడు ప్రమాద హెచ్చరికలు ఉన్నాయి. అది నైరుతి కాలపు వరద. ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో పడిన వాన దిగి రావాలి, తయారు కావడానికి వ్యవధి దొరుకుతుంది. చలికాలపు వరద అటువంటిది కాదు. రాత్రి భోజనాల వేళ మొదలైన వాన తెల్లవారకముందే వాగుగా ఇంటిముందు ఉంటుంది.

సూచనలోని మాటలకు అర్థం

వాతావరణ సూచనలో వాడే ప్రతి మాటకూ ఒక కొలత ఉన్నది. 24 గంటల్లో, అనగా ఉదయం 8.30 నుండి మరునాటి ఉదయం 8.30 వరకు, 15.6 నుండి 64.4 మి.మీ. వరకు పడితే మోస్తరు వర్షం. 64.5 నుండి 115.5 వరకు భారీ. 115.6 నుండి 204.4 వరకు అతి భారీ. ఆపైన పడితే అత్యంత భారీ. ఈ అంకెలను సంఘం గోడమీద పాల ధరల పట్టిక పక్కనే రాసి పెట్టుకోవడం మంచిది.

మిల్లీమీటరు అంటే మన సభ్యులకు కంటికి ఆనదు. లీటరు అంటే ఆనుతుంది. ఒక మి.మీ. వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు. 100 మి.మీ. వాన పడితే ఒక్క ఎకరం మీద 4 లక్షల లీటర్లు పడినట్టు. పదివేల లీటర్ల పాల ట్యాంకర్లు 40 తెచ్చి ఒక ఎకరంలో వదిలినట్టన్నమాట. మీ ఊరి చెరువుకు పైన ఎన్ని వందల ఎకరాల నుండి నీరు దిగుతుందో మీకే తెలుసు. అట్లాగే రిజర్వాయరు నుండి పదివేల క్యూసెక్కులు వదిలారని వింటాం. ఒక క్యూసెక్కు సెకనుకు సుమారు 28 లీటర్లు. పదివేల క్యూసెక్కులంటే మన 40 లీటర్ల క్యాన్లు సెకనుకు 7 వేలు దొర్లినట్టు.

ఇక "ఒకటి రెండు చోట్ల", "కొన్ని చోట్ల" అన్న మాటలు. ఇవి వాతావరణ శాఖవారు తప్పించుకోవడానికి అనే మాటలని చాలామంది ఎగతాళి చేస్తారు. అది సరికాదు. ఆ ప్రాంతంలో ఉన్న వర్షమాపక కేంద్రాలలో నాలుగో వంతు వరకు పడే అవకాశం ఉంటే "ఒకటి రెండు చోట్ల" అంటారు. నాలుగో వంతు నుండి సగం వరకైతే "కొన్ని చోట్ల", సగం నుండి ముప్పాతిక వరకైతే "చాలా చోట్ల", ఆపైన "దాదాపు అన్ని చోట్లా" అంటారు. కాబట్టి "ఒకటి రెండు చోట్ల అతి భారీ వర్షాలు" అన్నప్పుడు నలుగురిలో ముగ్గురికి ఆ వాన పడకపోవడమే సూచన నిజం కావడం. పడిన ఆ ఒక్క ఊరు మనదైతే మాత్రం 115 మి.మీ. దాటుతుంది. పడనివారు "అబద్ధం చెప్పారు" అంటారు. పడినవారు ఆ సమయంలో మాట్లాడే స్థితిలో ఉండరు.

రంగులు కూడా ఇప్పుడు అందరూ వింటున్నారు. ఆకుపచ్చ అయితే హెచ్చరిక లేదు. పసుపు అయితే గమనిస్తూ ఉండమని, నారింజ అయితే సిద్ధం కమ్మని, ఎరుపు అయితే చర్యకు దిగమని. రంగును నిర్ణయించేది వాన మోతాదు ఒక్కటే కాదు, అది జరిగే అవకాశం, దానివలన కలిగే నష్టం కూడా చూసి నిర్ణయిస్తారు. అయినా ఆ రంగు జిల్లాకు వేసినదే. మీ చెరువు ఇప్పటికే కలుజు పారుతున్నదో (కొన్నిచోట్ల అలుగు అంటారు, సీమలో మరువ అంటారు), ఇంకా సగమే నిండిందో ఆ రంగుకు తెలియదు. చెరువు కలుజు పారుతున్న ఊరు నారింజను ఎరుపుగానే ఎంచుకోవాలి. ఇది శాఖవారి నిబంధన కాదు, ఇన్నేళ్లుగా ఊళ్లు తిరిగి నేను కుదుర్చుకున్న లెక్క.

రోజుల ముందు చెప్పే సూచన వేరు, గంటల ముందు చెప్పేది వేరు. మచిలీపట్నం, విశాఖపట్నం, శ్రీహరికోట, చెన్నైలలో ఉన్న డాప్లర్ రాడార్లు మేఘాలను చూస్తూ ఉంటాయి. వాటి ఆధారంతో రాబోయే మూడు గంటలకు విడిగా హెచ్చరిక ఇస్తారు. మూడు రోజుల ముందటి సూచనతో డీజిలు, గడ్డి సమకూర్చుకోవాలి. మూడు గంటల హెచ్చరికతో పాలు ఇప్పుడే ఎత్తాలా, వ్యాను చప్టా దాటాలా అన్నది తేల్చుకోవాలి. దీనిని దానికీ, దానిని దీనికీ వాడితే రెండూ పనికిరావు. తుపాను దారి విషయంలోనైతే 24 గంటల ముందు చెప్పినదానిలో కూడా పదుల కిలోమీటర్ల తేడా రావచ్చు. పటంలో గీత మన మండలం మీదుగా పోలేదని నిశ్చింతగా ఉండకూడదు.

సంఘం ముంగిట రెయిన్‌గేజి

మండల కేంద్రంలో పడిన వాన మన ఊళ్లో పడిన వాన కాదు. అయిదు కిలోమీటర్ల దూరంలో సగానికి సగం తేడా ఉండవచ్చు. అందుచేత ప్రతి సంఘం సొంతంగా వాన కొలవాలి. దీనికి ఖర్చు లేదు. పైనుండి కిందివరకు ఒకే వెడల్పు ఉండి, అడుగు చదునుగా ఉన్న డబ్బా ఒకటి, పిల్లల స్కేలు ఒకటి చాలు. డబ్బాలో నిలిచిన నీరు ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే అంత వాన. డబ్బా వెడల్పు ఎంతైనా లెక్క మారదు. పాల క్యాను మాత్రం పెట్టకండి. మూతి సన్నం, కడుపు వెడల్పు, కొలత తక్కువ చూపిస్తుంది. ఒక సంఘంలో అట్లా కొలిచి, తమ ఊళ్లో వానే పడదని తీర్మానించుకున్నవారిని చూశాను. డబ్బాను చెట్టు కిందా చూరు కిందా పెట్టకూడదు. గోడ ఎంత ఎత్తు ఉంటే దానికి రెట్టింపు దూరంలో, గాలికి పడిపోకుండా పాతి ఉంచాలి.

ఉదయం పాల సేకరణ ముగిసే వేళ, ఎనిమిదిన్నరకు కొలిచి పారబోయాలి. వాన పడుతున్న రోజుల్లో సాయంత్రం సేకరణ అయ్యాక మరోసారి చూడాలి. దీనికొక పుస్తకం కావాలి. తేదీ, వాన, గడిచిన వారం రోజుల మొత్తం, చెరువు మట్టం, చప్టా మీద నీరు. ఈ అయిదు గళ్లు చాలు. వీటిలో వారం మొత్తం అన్న గడి అన్నిటికన్నా ముఖ్యం. ఈ రోజు 40 మి.మీ. పడటం పెద్ద సంగతి కాదు. గడిచిన వారంలో రెండు వందలు పడి ఉండగా ఈ రోజు 40 పడటం పెద్ద సంగతే. చప్టా పక్కన రాతికి గాని కరెంటు స్తంభానికి గాని అడుగు ఎత్తున ఒక గీత, రెండు అడుగుల ఎత్తున ఒక గీత రంగుతో గీయించండి. అడుగు లోతు పారే నీరు కారును కదిలిస్తుంది, రెండడుగులు పాల వ్యానును తీసుకుపోతుంది. గీత కనిపిస్తే డ్రైవరుతో వాదన ఉండదు.

రెండు మూడు సంవత్సరాలు ఇట్లా రాసిన పుస్తకం ఉంటే దాని విలువ అప్పుడు తెలుస్తుంది. పైఊళ్లో రాత్రి ఇంత పడితే మన చప్టా ఎన్ని గంటలకు మునిగింది అన్నది అందులో ఉంటుంది. ఏ శాఖ కంప్యూటరులోనూ ఉండదు.

పాల రూటే సమాచార రూటు

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మన పాల రూట్లు చాలావరకు ఏరు వెంట, రోడ్డు వెంట పైనుండి కిందికి నడుస్తాయి. ఒక్కొక్క రూటులో పదీ పదిహేను సంఘాలు. వాటి కార్యదర్శులు రోజుకు రెండుసార్లు, తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి, తప్పనిసరిగా మేలుకొని పని మీద ఉంటారు. వ్యాను ఎక్కడుంది, ఎన్ని క్యాన్లు అయ్యాయి అని ఒకరికొకరు ఫోను చేసుకుంటూనే ఉంటారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, చేతిలో ఫోను పట్టుకొని, పైఊరి సంగతి అడగగలిగినవారు పల్లెలో మరెవరున్నారు?

చలికాలపు వరదకు కావలసిన సమాచారం సరిగ్గా ఇదే. మన చెరువులు చాలాచోట్ల గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే కింది చెరువు నిలవదు. పింఛా కట్ట తెగిన రాత్రి అన్నమయ్య ప్రాజెక్టు దగ్గర జరిగింది పెద్ద ఎత్తున అదే. కింది ఊరివారికి తెలియవలసింది తమ ఊరి వాన కాదు, పైఊరి వాన, పై చెరువు సంగతి. అందుకని ప్రతి రూటులోను ఒక ఏర్పాటు చేసుకోవాలని నా సూచన. నారింజ గాని ఎరుపు గాని హెచ్చరిక ఉన్న రోజుల్లో అన్నిటికన్నా పైనున్న సంఘం కార్యదర్శి రాత్రి 8 గంటలకు, తెల్లవారుజామున 4 గంటలకు వాన కొలత, చెరువు స్థితి రెండే ముక్కల్లో కింది సంఘానికి చెప్పాలి. వారు తమ కొలత కలిపి ఇంకా కిందికి చెప్పాలి. "పెద్దవాన పడుతోంది" అని చెప్పకండి, దాని వలన ఏమీ తెలియదు. "ఎనిమిది నుండి ఇప్పటికి 70, కలుజు మీద అడుగు" అని చెప్పండి. అవతలివారు మిగతా లెక్క కట్టుకుంటారు. ఫోను టవర్లు పనిచేయని పక్షంలో, పై సంఘం నుండి వేళకు మాట రాకపోవడాన్నే హెచ్చరికగా తీసుకోవాలి.

దీనిని పాలకవర్గ సమావేశంలో తీర్మానంగా రాసుకుంటే మంచిది. కార్యదర్శి మారినా పద్ధతి మారదు. వాట్సాప్‌లో తిరిగే వరద వీడియోలను దీనిలోకి రానివ్వకండి. వాటిలో చాలా భాగం ఎప్పటివో, ఎక్కడివో. గండి పడిందన్న వార్త వస్తే జిల్లా కంట్రోలు రూముకు 1077కు గాని, రాష్ట్రానికి 1070కి గాని ఫోను చేసి అడగవచ్చు. పైఊరి నుండి గండి వార్త మనకే ముందు తెలిస్తే, వారికి మనమే చెప్పాలి.

గాలి చెప్పే సంగతి

చీమలు గుడ్లు మోయడం, తూనీగలు కిందికి ఎగరడం వంటి గుర్తులు పెద్దలు చెబుతారు. వాటిని తీసిపారేయనక్కరలేదు, గాలిలో తేమ పెరిగిందని అవి చెబుతాయి. ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో మాత్రం చెప్పవు. అంతకన్నా పనికివచ్చే గుర్తు గాలి దిక్కు. బయట నిలబడి గాలికి వీపు పెట్టండి. అల్పపీడన కేంద్రం మీ ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. ఈశాన్యపు గాలికి వీపు పెడితే ముఖం నైరుతికి ఉంటుంది, ఎడమచేయి ఆగ్నేయానికి. కేంద్రం అటు సముద్రంలో ఉన్నదని అర్థం. గంటలు గడిచేకొద్దీ గాలి తూర్పుకు, అక్కడినుండి ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం మనకు దక్షిణంగా పోతున్నదన్నమాట. సముద్రపు తడిగాలి నేరుగా మన మీదికే వస్తుంది కనుక తీరపు ఊళ్లకు ఉప్పెన భయం, లోపలి ఊళ్లకు భారీ వాన భయం అప్పుడే ఎక్కువ. గాలి ఉత్తరానికి, వాయవ్యానికి తిరిగితే కేంద్రం మనను దాటి ఉత్తరంగా పోతున్నది. సాధారణంగా వాన నెమ్మదిస్తుంది. దిక్కు మారకుండా గాలి పెరుగుతూనే ఉంటే అది మన వైపుకే వస్తున్నది.

తీవ్రమైన తుపానులో గాలి హఠాత్తుగా ఆగిపోయి, ఆకాశం తెరిపి ఇచ్చినట్టయితే పశువులను వెతకడానికి బయటికి వెళ్లవద్దు. కేంద్రం నెత్తిమీద ఉన్నట్టు. కాసేపటికి గాలి ఎదుటి దిక్కు నుండి అంతే జోరుగా వస్తుంది.

ముందురోజు సాయంత్రం

నారింజ హెచ్చరిక రాగానే సంఘం చేయవలసిన మొదటి పని సేకరణ వేళను ముందుకు జరపడం. బల్క్ కూలరులో 4 డిగ్రీలకు చల్లబడిన పాలు కరెంటు పోయినా మూత తీయకుండా ఉంచితే కొన్ని గంటలు తట్టుకుంటాయి. చల్లబడని పాలు తట్టుకోవు. సాయంత్రం ఆరున్నరకు ఎత్తే పాలను అయిదుకే ఎత్తితే, కరెంటు పోయేలోగా చల్లబడతాయి. జనరేటరును ఒకసారి నడిపి చూడాలి. డీజిలు ఉన్నదని పుస్తకంలో ఉండి, ట్యాంకులో లేని సంఘాలు నాకు తారసపడకపోలేదు. యూనియన్‌వారితో మాట్లాడి ట్యాంకరును వానకు ముందే రప్పించుకొని కూలరు ఖాళీ చేయించుకోవాలి. రిజిస్టర్లు, చెక్కు పుస్తకం, వాటాల పుస్తకం, పశువుల బీమా కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టాలి. పశువు పోయినప్పుడు పరిహారం అడగాలంటే చెవి ట్యాగు నెంబరు, పశువైద్యుని ధ్రువపత్రం కావాలి. ట్యాగు నెంబర్ల జాబితా ఒకటి మరో ఊరి సంఘంలో కూడా ఇచ్చి ఉంచితే మేలు.

సభ్యుల ఇంటి దగ్గర పని ఇంకొంచెం కష్టమైనది. పెద్ద గేదెకు రోజుకు ఆరు నుండి ఎనిమిది కిలోల ఎండుగడ్డి లెక్కన మూడు రోజులకు సరిపడా మెరక మీదికి చేర్చాలి. వామి మీద పట్టా కప్పి రాళ్లు కట్టాలి. కోతల కాలం కనుక తడిసిన గడ్డి చాలా ఉంటుంది. బూజుపట్టిన గడ్డి మేపితే ఆ విషం పాలలోకి కూడా దిగుతుంది. ఎంత కరువైనా అది మేపకూడదు. పశువులను పగలు ఉండగానే మెరకకు తోలాలి. దూడను ముందు నడిపిస్తే తల్లి వెంట వస్తుంది. రాత్రికి తోలడం సాధ్యపడకపోతే కనీసం పలుపులు విప్పాలి, లేదా లాగితే ఊడే జారుముడి వేయాలి. గేదె ఈదగలదు, గుంజకు కట్టిన గేదె ఈదలేదు. పశువు పోతుందేమో, దొంగలు తోలుకుపోతారేమో అన్న భయంతో విప్పని రైతుకు నచ్చజెప్పడం కార్యదర్శి వలన కాదు. అధ్యక్షులు, పెద్దలు స్వయంగా ఇల్లిల్లూ తిరగాలి. వ్యాను రాదని తెలిసినా పాలు పితకడం మానరాదు. రెండు పూటలు పితకకుండా వదిలితే పొదుగువాపు వచ్చి ఆ ఈతంతా నష్టం. ఆ పాలను దూడలకు తాగించండి, తోడు పెట్టండి, పునరావాస కేంద్రంలో పిల్లలకు కాచి ఇవ్వండి.

వాన వెలిసిన తరువాత కూడా ఏరు కొన్ని గంటలు పెరుగుతూనే ఉండవచ్చు; పై చెరువుల నీరు దిగాలి గదా. రంగు ఆకుపచ్చకు మారినంత మాత్రాన వ్యానును చప్టా దాటించవద్దు. గీత చూసి దాటించండి. నీరు తీసిన వెంటనే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయని పశువుల జాబితాను పశువైద్యశాలకు అందజేయాలి. మొదటి సేకరణ రోజున క్యాన్లు, కూలరు కడగడానికి మునిగిన బావి నీరు వాడవద్దు. బ్లీచింగు పౌడరు వేసి తేర్చిన నీరైనా, కాచిన నీరైనా వాడాలి. ఆ రోజు ప్రతి సభ్యుని పాలూ విడిగా పరీక్షించి, చెడినవి పక్కన పెట్టి, మంచివి మాత్రమే కూలరులో పోయాలి. ఎవరివి ఎందుకు పక్కన పెట్టినదీ వారి ఎదుటనే పుస్తకంలో రాయాలి.